రాజమార్గమా, సందులా: మొదటి రెండు జాజ్ రికార్డులు ఎంచుకోవడం ఎలా

మా బావ పోయిన దీపావళికి టర్న్‌టేబుల్ కొన్నాడు. ఇంటికి తెచ్చి, వైర్లు కలిపి, మూత తుడిచాక గానీ గుర్తు రాలేదట, ఇంట్లో వేయడానికి ఒక్క రికార్డు కూడా లేదని. వెంటనే బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి నాకు ఫోను. "ఏమే, నువ్వేదో జాజ్ జాజ్ అంటుంటావు కదా, రెండు చెప్పు. ఒకటి అందరూ గొప్పదనేది. ఇంకోటి ఇంటికొచ్చినవాళ్ళు ఇదేంట్రా బాబూ అనేది."

బెంగళూరులో కొత్త ఎల్పీ రికార్డు ఒక్కోటి రెండున్నర వేల నుంచి నాలుగు వేల దాకా పలుకుతోంది. రెండూ తప్పు ఎంచితే అక్క చేతిలో బావ పని అయినట్టే. అందుకని ముందు ఒక ప్రశ్న వేశాను. "బావా, నీది తాళం చెవా, రాగం చెవా?"

"తాళం చెవి ఫ్రిజ్ మీదుంది, ఎందుకు?" అన్నాడు.

హాస్యానికి అడిగింది కాదు. పాట మొదలవగానే కొందరి వేళ్ళు తొడ మీద దరువు వేస్తాయి. ఇంకొందరు దరువు సంగతి పట్టించుకోకుండా కూనిరాగం అందుకుంటారు. బావ కారు నడుపుతుంటే స్టీరింగ్ మీద వేళ్ళు ఆగవు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో వెనకవాడు కొట్టే హారన్‌కి కూడా దరువు కలుపుతాడు. అక్క వంట చేస్తూ రెండు మూడు పాటలు ఒకదాంట్లోంచి ఒకటి లాగుతుంది, తాళంతో పనే లేదు. ఒకే ఇంట్లో ఉన్న ఈ ఇద్దరికీ ఒకే ఆల్బమ్ చెప్పడం కుదరదు.

గొప్ప జాజ్ ఆల్బమ్‌ల జాబితాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటితో చిక్కేమిటంటే, వినేది ఎవరో అవి అడగవు. మనం ఖాళీ చెవులతో జాజ్ దగ్గరికి పోవడం లేదు. పెళ్ళిలో సన్నాయి, రేడియోలో కచేరీ, తిరునాళ్ళలో నాటకం పద్యం, ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు, ఇవన్నీ ఎప్పటినుంచో చెవిలో కాపురం ఉంటున్నాయి. ఏ ఆల్బమ్ వాటిలో ఎవర్ని పలకరిస్తుందో చూసి కొనుక్కోవాలన్నది నా లెక్క.

టైమ్ అవుటా, కైండ్ ఆఫ్ బ్లూనా

రెండూ 1959లో వచ్చినవే. రెండూ కొలంబియా కంపెనీవే. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చారు, రెండూ అక్కడ రికార్డు చేసినవే. పోలిక అంతటితో సరి.

పియానో వాయించే డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' తాళం చెవి వాళ్ళ కోసం పుట్టింది. అప్పటికి జాజ్ అంటే చాలావరకు నాలుగు దెబ్బల నడకే. బ్రూబెక్ 1958లో అమెరికా ప్రభుత్వం తరఫున టర్కీ, మన దేశం తిరిగి వెళ్ళాడు. ఇస్తాంబుల్ వీధుల్లో విన్న తొమ్మిది దెబ్బల నడకను పట్టుకెళ్ళి ఈ ఆల్బమ్‌లో మొదటి పాటకు పెట్టాడు. దాని పేరు 'బ్లూ రోండో అలా టర్క్'. మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. వినిపిస్తే రెండో చుట్టుకే చేత్తో వేసేసింది: తక తక తక తకిట. తర్వాత 'టేక్ ఫైవ్' పెట్టాను. కాసేపు తల ఊపి, "పిన్నీ, ఇది ఖండచాపే. కాకపోతే తిరగేశారు" అంది. నిజమే, రెండూ అయిదు దెబ్బలే. మనం తక తకిట అంటాం, వాళ్ళు తకిట తక అంటారు. నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ ముక్క లేదు.

అన్నట్టు 'టేక్ ఫైవ్' బ్రూబెక్ రాసింది కాదు. బృందంలో ఆల్టో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్‌ది. ఆయన పోతూ పోతూ తన రాయల్టీలను అమెరికన్ రెడ్‌క్రాస్‌కి రాసిచ్చాడు.

ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రాగం చెవి వాళ్ళది. అప్పటిదాకా జాజ్‌లో కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, గబగబా మారిపోతుండేవి, వాటి వెంట పరిగెత్తడమే వాయించేవాడి పని. మైల్స్ ఆ పరుగు ఆపించాడు. ఇవిగో స్వరాలు, వీటిలో మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి అన్నట్టుగా పాటలు కట్టాడు. మనవాళ్ళు రాగం ఇచ్చినట్టే. మొదటి పాట 'సో వాట్' స్వరాలు సరిగ్గా మన ఖరహరప్రియ రాగానివే. పదహారు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల చుట్టు) అందులో ఉంటారు, ఎనిమిది బార్లు ఆధార షడ్జాన్నే అర మెట్టు పైకి జరుపుతారు, మళ్ళీ ఎనిమిది బార్లు కిందికి దిగుతారు. అయినా విన్నప్పుడు ఖరహరప్రియ అనిపించదు, స్వరాన్ని ఊపే గమకాలు ఉండవు కదా. ఆ రాగం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాక గోడలు చూసినట్టుంటుంది.

ఖరహరప్రియ అనగానే త్యాగరాజస్వామి 'చక్కని రాజమార్గము' నోటికొస్తుంది. రాజమార్గాలుండగా సందుల్లో దూరడం ఎందుకని మనసుని అడుగుతాడాయన. ఆయన మా బెంగళూరు మారతహళ్లిలో కాపురం ఉండి ఉంటే ఆ ప్రశ్న వేసేవాడు కాదేమో. ఇక్కడ రాజమార్గం మీద గంటసేపు నిలబడిపోయినవాళ్ళంతా చివరికి సందుల్లోంచే ఇళ్ళు చేరుకుంటారు. జాజ్‌లో నా సంగతీ అంతే అయింది. కాస్త ఆగి చెబుతాను.

ముందు ఈ రెంటిలో తేల్చాలంటే, మొదటి రోజే మురిసిపోవాలంటే 'టైమ్ అవుట్'. పదేళ్ళు వినాలంటే 'కైండ్ ఆఫ్ బ్లూ'. 'టైమ్ అవుట్' మొదటి వారంలోనే తన దగ్గరున్నదంతా చూపించేస్తుంది, బృందంలోని జో మొరెల్లో ఒంటరిగా వాయించే డ్రమ్స్ సోలో ఒక్కటే నాకు ఇంకా కొత్తగా ఉంటుంది. 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వారం రెస్టారెంట్‌లో వెనకాల మోగే పాటలా అనిపిస్తుంది. భయపడకండి. మూడో వారంలో ఒక అర్ధరాత్రి బిల్ ఎవాన్స్ పియానో ఉన్నట్టుండి పక్కన కూర్చుంటుంది.

ఒక జాగ్రత్త. 1959 మార్చి 2న 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వైపు పాటలు రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మామూలు వేగంలో వేస్తే ఆ మూడు పాటలూ అసలు శ్రుతికంటే కొంచెం పైన పలికేవి. ముప్ఫై ఏళ్ళకు పైగా లోకమంతా అలాగే వింది. 1992లో సరిచేశారు. పాత కాపీ చవగ్గా దొరికిందని కొని, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాడబోతే కలవదు. ఇప్పుడు వచ్చే ముద్రణలకు సాధారణంగా ఈ తంటా లేదు.

భార్యాభర్తలు, రెండు పూజగదులు

పోయిన వేసవిలో నాన్న విజయనగరం నుంచి వచ్చి మా ఇంట్లో నెల రోజులున్నారు. జాజ్‌ని ఆయన 'ఆ కుయ్యో మొర్రో' అంటారు. వయసులో ఉన్నప్పుడు నాటకాల పిచ్చి. ఇప్పటికీ పద్యం ఎత్తుకుంటే చివరి రాగం ఊపిరి అయిపోయేదాకా లాగుతారు. ఒక రాత్రి నేను జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' పెట్టుకుని బట్టలు మడతపెడుతున్నాను. ఆ ఆల్బమ్‌లో నాలుగు భాగాలు. మూడు భాగాలూ ఆయన పేపరు చాటునే గడిపారు. నాలుగోది మొదలై రెండు నిమిషాలైందేమో, పేపరు దించి, "ఇతను వాయించట్లేదే. పద్యం చదువుతున్నాడు" అన్నారు.

తువ్వాలు సగం మడతలో ఉంచి అలాగే ఉండిపోయాను. ఎందుకంటే అది అక్షరాలా నిజం. కోల్ట్రేన్ దేవుడి మీద ఒక పద్యం రాసి ఆల్బమ్ అట్ట లోపల అచ్చు వేయించాడు. 'సామ్' అనే ఆ నాలుగో భాగంలో సాక్సోఫోన్ మీద వాయించేది ఆ మాటల్నే, ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం చొప్పున. నాన్నకు ఎవరూ చెప్పలేదు. "ఎలా తెలిసింది?" అంటే, "పాదం దగ్గర విరుస్తున్నాడు కదే" అన్నారు. అట్ట బయటికి తీసి ఇద్దరం పాదం పాదం వేలు పెట్టుకుంటూ మళ్ళీ విన్నాం. ఆయనకు ఇంగ్లిష్ మాటలు అన్నీ అందలేదు, విరుపులు మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు.

ఈ ఆల్బమ్ 1964 డిసెంబరు 9న ఒక్క పూటలో అయిపోయింది. మొత్తం వింటే 33 నిమిషాలు. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న ముక్కని కోల్ట్రేన్ అన్ని శ్రుతుల్లోకీ తిప్పి తిప్పి, చివరికి నోటితోనే నామజపంలా అంటాడు. మూడో భాగం గట్టిది. ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ పిడుగుల్లా పడతాయి. అక్కడ చాలామంది దిగిపోతారు. దిగకండి, పద్యం తర్వాతే వస్తుంది.

దీనికి జత ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్‌ది, 'జర్నీ ఇన్ సచ్చిదానంద'. కోల్ట్రేన్ 1967లో పోయాడు. దుఃఖంలో ఉన్న ఆలిస్‌కు దారి చూపిన గురువు స్వామి సచ్చిదానంద, కోయంబత్తూరు దగ్గరి ఊరివాడు. 1971లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఆమె వాయించేది హార్ప్ అనే పెద్ద తీగల వాయిద్యం, వెనకాల తంబూరా, ముందు ఫరోవా సాండర్స్ సాక్సోఫోన్. సెసిల్ మెక్‌బీ బేస్ మీద ఒక చిన్న వరస ఎత్తుకుని తిప్పుతూనే ఉంటాడు, ఊయల గొలుసు చప్పుడులా. తంబూరా ఉంది కాబట్టి మన ఇళ్ళలో ఎవరూ ఉలిక్కిపడరు.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆదివారం పొద్దున కాఫీ వేళకు ఆలిస్. రాత్రి ఒంటరిగా కూర్చున్నప్పుడు జాన్. రెంటికీ డబ్బుల్లేకపోతే నేను ఆలిస్‌నే కొనమంటాను. చాలామంది జాజ్ పెద్దలు నాతో ఏకీభవించరు, ఫరవాలేదు. ఆమె తర్వాత తురీయసంగీతానంద అన్న పేరుతో కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, 1980లలో సంస్కృత భజనలు క్యాసెట్ల మీద విడుదల చేసింది. ఆర్గన్, సింథసైజర్, నల్లజాతి చర్చి పాట గొంతు, వాటి మీద మన దేవుళ్ళ పేర్లు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాలో చేతులు జోడించాలో తెలియలేదు.

పియానో ఒక్కటే చాలనుకునేవాళ్ళకు

తొందరగా చెప్పేస్తాను. కీత్ జారెట్ 'ది కోల్న్ కాన్సర్ట్', 1975 జనవరి 24. ముందు అనుకున్నదేమీ లేకుండా గంటకు పైగా ఒక్కడే వాయించాడు. ఆయన అడిగిన పెద్ద పియానో రాలేదు, రిహార్సళ్ళకు వాడే చిన్నది పెట్టారు. దాని పై స్వరాలు రేకు డబ్బాల్లా ఉన్నాయి, కింది స్వరాలకు బలం లేదు. అందుకే ఎక్కువగా మధ్య స్థాయిలోనే తిరుగుతూ ఎడమ చేత్తో ఒకే వరసని పట్టి ఊపాడు. అదే జనానికి నచ్చింది. చదువుకునే పిల్లలకు, రాత్రి షిఫ్టులకు ఇది మంచి తోడు.

థెలోనియస్ మంక్ 'బ్రిలియంట్ కార్నర్స్' (1957) దీనికి పూర్తిగా ఎదురు. మంక్ వాయిస్తుంటే తప్పు మెట్టు మీద కాలు వేసి పడబోయి నిలదొక్కుకున్నట్టుంటుంది, ప్రతిసారీ. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను బృందం ఇరవై అయిదు సార్లు ప్రయత్నించినా మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారీ సరిగ్గా రాలేదు. ముక్కలు అతికి పూర్తి చేశారు. ఈ రెంట్లో నాకు మంక్ ఇష్టం. అతిథులకు మాత్రం జారెట్ పెడతాను.

బెంగళూరు గుమ్మంలోంచి

ఇప్పుడు బావ రెండో కోరిక దగ్గరికొద్దాం, ఇదేంట్రా బాబూ అనిపించేది. దానికి న్యూయార్క్ నుంచి బెంగళూరుకు ఒక దారి ఉంది.

1963 జనవరిలో బేస్ వాయించే చార్లెస్ మింగస్ పదకొండు మంది బృందంతో 'ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ' రికార్డు చేశాడు. నాట్యానికి కట్టినట్టుంటుంది. బాకాలు ఏడుస్తాయి, స్పానిష్ గిటారు మధ్యలో దూరుతుంది, వేగం ఎక్కి ఎక్కి తెగి మళ్ళీ మొదటికొస్తుంది. అట్ట మీద వ్యాఖ్యానాల్లో ఒకటి మింగస్ తన మానసిక వైద్యుడి చేతే రాయించాడు. ఇప్పటికీ నాకు ఆ అట్ట తిప్పి చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. అందులో గుండె పిండేసే ఆల్టో సాక్సోఫోన్ చార్లీ మరియానోది.

ఆ మరియానోయే ఇరవై ఏళ్ళ తర్వాత మన బెంగళూరువాళ్ళ పక్కన కనిపిస్తాడు. మధ్యలో ఆయన నాదస్వరం కూడా నేర్చుకున్నాడు. ఇక్కడ టి.ఎ.ఎస్. మణి 1964లో పెట్టిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ బృందంతో కలిసి 1983లో 'జ్యోతి' అనే ఆల్బమ్ చేశాడు. జర్మనీ కంపెనీ ఇసిఎం విడుదల చేసింది. ఆర్.ఎ. రమామణి గొంతు, మణి మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్, నోటితో జతులు చెప్పే కొన్నకోల్, మరియానో సోప్రానో సాక్సోఫోన్, వేణువు. ఇందులో నాకు నచ్చింది మరియానో తగ్గడం. ఇక్కడివాళ్ళకు నేను జాజ్ చూపిస్తాను అన్న ఊపు ఎక్కడా ఉండదు. రమామణి ఆలాపన ఎక్కడ వదిలితే అక్కడ అందుకుంటాడు, పక్కింటి ఆవిడ చేతిలోంచి కూరగిన్నె అందుకున్నట్టు, రెండు చేతులతో. మింగస్ ఆల్బమ్, ఈ ఆల్బమ్ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఒకే మనిషి ఊపిరి ఇంత మారుతుందా అనిపిస్తుంది.

దీనికి పోటీకి నిలబడేవి మూడు.

'శక్తి' గురించి మీరు వినే ఉంటారు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరం ఘటం. 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్ ఒక కాలేజీలో జరిగిన కచేరీ. మొదటి పాట పద్దెనిమిది నిమిషాలు, ఊపిరి తీసుకోనివ్వరు. వేగం ఇష్టమైతే ఇంతకు మించింది లేదు. నాకు కొన్నాళ్ళకు ఆ వేగమే విసుగొచ్చింది. మన పాలకొల్లు యు. శ్రీనివాస్ మాండొలిన్‌తో చేరిన తర్వాతి రోజుల 'రిమెంబర్ శక్తి' రికార్డుల్లో నిదానం ఉంది. మెక్‌లాఫ్లిన్ కూడా ఆయన పక్కన వాయించేటప్పుడు కాస్త కూర్చుని మాట్లాడుతున్నట్టుంటాడు. ఇందులో 'ది బిలీవర్' నా ఎంపిక.

రెండోది 2008లో వచ్చిన 'కిన్స్‌మెన్'. కర్ణాటక మూలాలున్న అమెరికా అబ్బాయి రుద్రేశ్ మహంతప్ప ఆల్టో సాక్సోఫోన్, మంగళూరు వైపు కద్రి గోపాలనాథ్ కూడా ఆల్టో సాక్సోఫోన్. కాలేజీ రోజుల్లో రుద్రేశ్‌కు వాళ్ళ అన్నయ్య తమాషాకి గోపాలనాథ్ రికార్డు ఇచ్చాడట, ఆ తమాషా ఇంత దూరం వచ్చింది. ఒకే వాయిద్యం, రెండు నోళ్ళు. గోపాలనాథ్ స్వరాన్ని జారుస్తాడు, రుద్రేశ్ విరుస్తాడు. వయొలిన్ ఎవరనుకున్నారు? మా విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి. ఆవిడ సోలో మొదలైనప్పుడు నేను వాల్యూమ్ పెంచుతాను, ఊరి అభిమానం దాచుకోవడం నా వల్ల కాదు. జాజ్ బాగా అలవాటైనవాళ్ళకు ఈ నాలుగింటిలో ఇదే మొదటిది.

మూడోది 1968లో శంకర్-జైకిషన్ చేసిన 'రాగా జాజ్ స్టైల్'. హిందీ సినిమా సంగీత దర్శకులు పదకొండు రాగాలు తీసుకుని, రయీస్ ఖాన్ సితార్, మనోహరి సింగ్ సాక్సోఫోన్, డ్రమ్స్, బేస్ పెట్టి ఒక్కో దాన్నీ చిన్న పాటంత చేశారు. శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. లోతు వెతక్కండి. పార్టీలో పెట్టండి. ఏదో పాత సినిమాలో విలన్ హోటల్ సీన్ మొదలవుతున్నట్టు ఉంటుంది, ఇంతలో తోడి రాగం వచ్చి కూర్చుంటుంది.

కచేరీలకు వెళ్ళే అలవాటున్న ఇల్లయితే 'జ్యోతి', జిమ్‌కి వెళ్ళే ఇల్లయితే 'శక్తి', నలుగురు చేరే ఇల్లయితే శంకర్-జైకిషన్.

ఇంకా లోపలి సందుల్లోకి

వింత రికార్డులు కొనేముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. మల్లేశ్వరం వైపు వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య హాలు చూసే ఉంటారు. ఆ చౌడయ్యగారు ఏడు తీగల వయొలిన్ వాయించేవారు. వింత కోసం కాదు. మైకులు లేని రోజుల్లో వెనక వరసలో కూర్చున్నవాడికి వినిపించాలని తీగలు జోడించుకున్నారు. వింతకు వెనకాల అలాంటి అవసరం ఉందా అని చూస్తాను. లేకపోతే అది ఒకసారికే.

రహ్‌సాన్ రోలండ్ కిర్క్ ఈ పరీక్షలో మొదటి మార్కు. చిన్నప్పుడే చూపు పోయింది. మూడు సాక్సోఫోన్లు ఒకేసారి నోట్లో పెట్టుకుని వాయించేవాడు, ముక్కుతో వేణువు కూడా. సర్కస్ అనుకుంటారు. వింటే తెలుస్తుంది, ఆయన తలలో మోగుతున్నది ఒక పూర్తి బృందం, ఉన్నది ఒక్క నోరు. 1968 నాటి 'ది ఇన్‌ఫ్లేటెడ్ టియర్' కొనండి. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట, పోయిన ఆ చూపు గురించే. మూడు వాయిద్యాలూ కలిసి ఒక్క ఏడుపు ఏడుస్తాయి. మన నాదస్వరం విద్వాంసుల్లాగే బుగ్గల్లో గాలి నిలిపి, ఊపిరి తెగకుండా వాయించే విద్య కూడా ఆయనకుంది.

ఇక ఫ్రీ జాజ్, ముందే కట్టిన నియమాలు వదిలేసి వాయించేది, దాని పేరు చెప్పి అందరూ భయపెడతారు. ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరులో రెండు బృందాల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని ఎడమ స్పీకర్లో, ఇంకోదాన్ని కుడి స్పీకర్లో వినిపించేలా ముప్ఫై ఏడు నిమిషాలు ఆపకుండా రికార్డు చేశాడు. ఆల్బమ్ పేరే 'ఫ్రీ జాజ్'. ఇంకోటి ఆల్బర్ట్ ఐలర్ 'స్పిరిచువల్ యూనిటీ', 1964. ముగ్గురే. అరగంట లోపే. ఈ రెండింట్లో ఏది? మీరు ఏ పెళ్ళికైనా వెళ్ళే ఉంటారు కదా. తాళి కట్టే వేళ పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అంటారు. అప్పటిదాకా కీర్తన వాయిస్తున్న సన్నాయి, డోలు ఒక్కసారిగా అన్నీ వదిలేసి హోరెత్తిస్తాయి. ఆ నిమిషంలో అపశకునపు మాట ఏదీ చెవిన పడకూడదని. ఆ హోరుని ఎవరూ గోల అనరు, కళ్ళు తుడుచుకుంటారు. ఐలర్ వాయించేది ఆ గట్టిమేళమే. ముందు పిల్లల పాటంత చిన్న వరస, దాని మీద హోరు, మళ్ళీ ఆ వరస. అందుకే మనవాళ్ళకు ఐలర్ ముందు, కోల్మన్ తర్వాత. ఐలర్‌ని రాత్రి పది దాటాక పెట్టకండి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకసారి 'రెండో అంతస్తులో ఎవరింట్లోనో డ్రిల్లింగ్ జరుగుతోంది' అని వచ్చింది. నేను స్పీకరు కట్టేసి, మెసేజ్‌కి బొటనవేలు పెట్టి పడుకున్నాను.

జాజ్ బృందం నడిపిన సన్ రా తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకున్నాడు, పుట్టింది అలబామాలో. శనిగ్రహం మాట వింటే మన ఇంట్లో పెద్దవాళ్ళు నవగ్రహాలకు ప్రదక్షిణం చేయమంటారేమో. తన సొంత కంపెనీకి పేరు కూడా ఆ గ్రహానిదే, కొన్ని అట్టలు చేత్తో రంగులేసి అమ్మాడు. పేరున్నది 'స్పేస్ ఈజ్ ద ప్లేస్' (1973), ఇరవై నిమిషాలకు పైగా ఒకే పల్లవి చుట్టూ పూనకం. నేను చెప్పేది మాత్రం 'లాంక్విడిటీ' (1978). మెత్తగా, మత్తుగా, ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి వాన పడుతుండగా క్యాబ్‌లో వెనక సీట్లో ఉన్నట్టుంటుంది.

జాజ్ కాకపోయినా వింతల్లో పేరు మోసింది 'ది షాగ్స్' అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళ 1969 ఆల్బమ్. నాయనమ్మ చేయి చూసి చెప్పిన జోస్యం నమ్మి, తండ్రి కూతుళ్ళ చేత బలవంతాన బ్యాండు పెట్టించాడు. శ్రుతి ఒక దారి, తాళం ఇంకో దారి. కొందరు దీన్ని మహా కళాఖండం అంటారు. నాకు ఆ పిల్లలమీద జాలి తప్ప ఏమీ కలగదు. వాళ్ళ అవసరం కాదది, నాన్న అవసరం. కొనొద్దు, ఫోన్లో ఒకసారి వినండి.

డబ్బు తీసేముందు

ఏదైనా ముందు స్ట్రీమింగ్‌లో మూడుసార్లు వినండి. మూడోసారి కూడా చివరిదాకా కూర్చోగలిగితే ఎల్పీ కొనండి. 'జర్నీ ఇన్ సచ్చిదానంద', 'బ్లాక్ సెయింట్' లాంటివి ఎల్పీలో మేలు, అట్ట చేతిలో పట్టుకుని చూడాల్సినవి. 'కోల్న్ కాన్సర్ట్'కి ఎల్పీ అక్కర్లేదు, రికార్డు తిప్పడానికి లేచిన ప్రతిసారీ మత్తు దిగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే రికార్డును కంటికి సమాంతరంగా పట్టి అంచు చూడండి, అప్పడంలా అల ఉంటే వదిలేయండి. నేను ఒక పాత మంక్ రికార్డు బేరమాడి తెచ్చుకుని, మధ్యాహ్నం ఎండలో కారు వెనక సీట్లో రెండు గంటలు మర్చిపోయాను. బెంగళూరు ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఇప్పుడది మంక్ కంటే ఎక్కువ తడబడుతుంది.

ప్రత్యక్షంగా వినాలంటే వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ ఉంది, జాజ్ కచేరీలు జరుగుతుంటాయి. ఒక టికెట్టు ఖర్చుతో సాక్సోఫోన్ అంటే మీకు ఇష్టమో కాదో తేలిపోతుంది. అది తేలకుండా పై ఆల్బమ్‌లలో చాలావాటి జోలికి పోవద్దు.

బావ చివరికి 'టైమ్ అవుట్', 'ది ఇన్‌ఫ్లేటెడ్ టియర్' కొన్నాడు. మొదటిదాన్ని అక్క కూతురు డ్యాన్స్ ప్రాక్టీసుకు వాడేసుకుంటోంది. రెండోది పెట్టినప్పుడు వాళ్ళ పనమ్మాయి చీపురు ఆపి, "సార్, పెళ్ళా?" అని అడిగిందట.